నల్ల ఇసుక మీద ఒక మైక్రోసెకను

బరంపురం దాటి ఛత్రపూర్ మీదుగా రుషికుల్య సంగమం వైపు వెళ్లే తీరంలో ఇసుక అక్కడక్కడా నల్లగా చారలు తేలి కనిపిస్తుంది. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నకైట్ శిలలు యుగాల తరబడి అరిగి, నదుల వెంట కొట్టుకొచ్చి సముద్రంలో కలిశాయి. తేలికైన క్వార్ట్జ్‌ను అలలు చేటలో చెరిగినట్టు పక్కకు నెట్టేయగా బరువైన ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్ ఒడ్డున పోగుపడ్డాయి. ఛత్రపూర్ దగ్గర ఐఆర్‌ఈఎల్ సంస్థ నడిపే ఆస్కామ్ కర్మాగారం వేరుచేసేది ఈ ఖనిజాలనే. వీటిలో మోనజైట్ పాలు బహు తక్కువ. అయినా దానిలోని థోరియం వల్లనే ఈ తీరంలో సహజ వికిరణం ఎక్కువ. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని వివరించింది.

ఇసుక మచ్చును సంచిలో కట్టి ప్రయోగశాలకు పంపడం పాత పద్ధతి, నమ్మదగినదే. కానీ నల్ల చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సంచి చెప్పదు. అందుకు కొలిచే పరికరమే ఇసుక మీదికి రావాలి. చేత్తో మోయగల హైస్పీడ్ డేటా సేకరణ పెట్టెకు ఇక్కడే పని పడుతుంది.

గామా కిరణం సోడియం అయోడైడ్ స్ఫటికాన్ని తాకగానే లోపల చిన్న మెరుపు పుడుతుంది. అది దాదాపు 230 నానోసెకన్లలో మూడో వంతుకు కాస్త పైన నిలుస్తుంది, ఒక మైక్రోసెకనుకు ఇంచుమించు ఆరిపోతుంది. ఫోటోమల్టిప్లయర్ గొట్టం ఆ మెరుపును విద్యుత్ పల్స్‌గా మారుస్తుంది. పల్స్ కింది వైశాల్యాన్ని బట్టి కిరణం శక్తి తెలుస్తుంది. సెకనుకు 10 లక్షల శాంపిళ్లు తీసే పెట్టెకు ఈ పల్స్‌లో ఒక్క చుక్కే దొరుకుతుంది. దానితో ఆకారం గీయలేం. సెకనుకు 10 కోట్లు తీసేదానికి నూరు చుక్కలు దొరుకుతాయి. ఒక పల్స్ ఆరకముందే ఇంకొకటి వచ్చి మీద పడితే ఆ నూరు చుక్కల్లో రెండు మూపురాలు కనబడతాయి. నెమ్మది పెట్టెకు మాత్రం ఆ రెండూ కలిసి, అసలు లేని అధిక శక్తి కిరణం ఒకటి వచ్చినట్టు తోస్తుంది. సెకనుకు 10,000 పల్స్‌లు వచ్చే చోట ఇలాంటి ఢీకొనడం నూటికి ఒకటి. లక్ష వచ్చే చోట నూటికి సుమారు పది.

అయితే ఈ వేగానికి ఖర్చుంది. 14 బిట్ల శాంపిల్‌ను రెండు బైట్లలో దాస్తే సెకనుకు 20 కోట్ల బైట్లు. పాత యూఎస్‌బీ 2 తీగ సిద్ధాంతరీత్యా మోయగలిగేది 6 కోట్లే. అంతా దాచుకుంటే గంటకు 720 గిగాబైట్లు, అందులో అధిక భాగం ఏమీ జరగని సమయం తాలూకు గీత! కాబట్టి పెట్టెలో ఒక వలయాకారపు బఫర్ ఉంటుంది. కొత్త శాంపిల్ వస్తుంటే అన్నిటికన్నా పాతది చెరిగిపోతుంది. పల్స్ నిర్ణీత గీత దాటగానే ట్రిగ్గర్ పడి, దానికి ముందరి కొన్ని శాంపిళ్లతో సహా రెండు మైక్రోసెకన్ల తునక నిలుస్తుంది. ముందరివి ఎందుకంటే, పల్స్ ఏ మట్టం నుంచి లేచిందో తెలియకపోతే వైశాల్యం లెక్క తప్పుతుంది. సెకనుకు 10,000 తునకలంటే 40 లక్షల బైట్లే. ఎఫ్‌పీజీఏ చిప్ అక్కడికక్కడే వైశాల్యం కట్టి, శక్తినీ సమయాన్నీ మాత్రమే దాస్తే ఆ భారం ఇంకా ఎంతో తగ్గుతుంది. నా మటుకు నేను, కొనేటప్పుడు శాంపిళ్ల వేగం కన్నా ముందు ఈ ట్రిగ్గర్, బఫర్‌ల వివరాలే అడుగుతాను.

ఇంకో అపోహ ఉంది: పెట్టె వేగంగా ఉంటే కొలత త్వరగా అయిపోతుందని. అది కుదరదు. కిరణాలు వాటి ఇష్టం వచ్చినప్పుడు వస్తాయి. 100 లెక్కించితే అనిశ్చితి 10 శాతం. ఒక్క శాతానికి దించాలంటే 10,000 లెక్కించాలి. ఇసుక మీద ఓపిగ్గా నిలబడక తప్పదు.

శక్తి కొలబద్దను సరిచూసుకోవడంలో ఈ తీరానికి ఒక చిక్కుంది. మామూలు నేలమీద పొటాషియం–40 ఇచ్చే 1,461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శిఖరాన్ని గుర్తుగా పెట్టుకుంటారు. ఇక్కడ థోరియం సంతతికి చెందిన ఆక్టినియం–228 కిరణం ఒకటి 1,459 దగ్గరే వచ్చి దానితో కలిసిపోతుంది. సోడియం అయోడైడ్‌కు ఆ రెండింటినీ విడదీసే చూపు లేదు. కనుక థాలియం–208 ఇచ్చే 2,614 శిఖరాన్ని పట్టుకోవడం మేలు. అదీ థోరియం సంతతిదే కాబట్టి ఈ ఇసుకలో దానికి కొరత లేదు.

మధ్యాహ్నం ఎండకు స్ఫటికం, గొట్టం వేడెక్కితే ఆ శిఖరం పక్కకు జరుగుతుంది. మంచి పెట్టె దాన్ని గమనిస్తూ తానే సరిదిద్దుకుంటుంది. ఉప్పుగాలి మాత్రం వేరే శత్రువు. కనెక్టర్లకు చిలుము పడుతుంది. సోడియం అయోడైడ్ తేమను పీల్చుకునే గుణం కలది కాబట్టి దాన్ని అల్యూమినియం డబ్బాలో మూసి ఉంచుతారు; మూత అంచు సడలితే స్ఫటికం పచ్చబడుతుంది, మెరుపు మసకబారుతుంది. 2,614 శిఖరం జరగకుండా వెడల్పు మాత్రం పెరుగుతూ పోతుంటే, సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందు ఆ డబ్బా అంచు చూడాలి.