మీకు తెలుసా? చేసింది డ్రైవరు, కట్టేది ఆసామి

బోగోలులో ఒక ఆసామి ట్రాక్టరు సైకిలు మీద పోయేవాణ్ని గుద్దిందనుకోండి. తోలింది డ్రైవరు. ఆసామి ఆ వేళకి ఇంట్లో అన్నం తింటా ఉన్నాడు. అయినా పరిహారానికి కోర్టు ఆసామినే పట్టుకుంటుంది. డ్రైవరు పోయింది ఆయన పని మీద కదా. బీమా ఉంటే కంపెనీ కడుతుంది, అదీ ఆయన తరఫునే. ఇంతవరకు అందరికీ తెలిసిందే. మరి ఆ ఆసామి సర్కారే అయితే?

1952లో ఉదయపూర్ కలెక్టరు జీపును రిపేరు చేయించి తెస్తూ డ్రైవరు దారినపోయే ఒకాయన్ను గుద్దాడు. ఆయన చనిపోయాడు. ఆ కుటుంబానికి రాజస్థాన్ ప్రభుత్వం 15,000 రూపాయలు ఇవ్వాల్సిందేనని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది.

మూడేళ్లు తిరక్కుండానే ఇంకో కేసు. 1947లో అమృత్‌సర్ నగల వ్యాపారి ఒకాయన మీరట్‌లో దిగితే పోలీసులు అనుమానించి 103 తులాల పైచిలుకు బంగారం, దాంతోపాటు వెండి పట్టుకున్నారు. వెండి తిరిగొచ్చింది. బంగారం మాత్రం హెడ్ కానిస్టేబులుతో కలిసి పాకిస్తాన్ పోయింది! అరెస్టు, జప్తు రాజ్యాధికారంతో చేసే పనులు, వాటిలో జరిగిన తప్పుకు ప్రభుత్వం పూచీ పడదని 1964లో అదే సుప్రీంకోర్టు అంది. జీపు గుద్దితే డబ్బులు, స్టేషన్లో బంగారం పోతే నామాలు.

రాజ్యాధికారమనే ఆ గోడకు గట్టిగా బీటలు కొట్టింది మన ఆంధ్ర కేసులే. 1975 ఆగస్టులో నాగేంద్రరావు అండ్ కో అనే వ్యాపారసంస్థ ఎరువులు, ధాన్యం విజిలెన్స్ పోలీసులు జప్తు చేశారు. ఎరువును ఎవరూ సకాలంలో అమ్మలేదు, విడిపించి ఇవ్వనూ లేదు. వరి పండించే నెల్లూరోళ్లకు చెప్పాలా, పడి ఉన్న ఎరువు గతేమిటో! సరుకు పాడైంది. మీరట్ తీర్పు చూపించి హైకోర్టు వ్యాపారిని వెనక్కి పంపింది. 1994లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఉద్యోగుల అలసత్వానికి ప్రభుత్వమే నష్టం భర్తీ చేయాలంది.

రెండోది ఇంకా ఘోరం. 1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద తెల్లవారుజామున బాంబులు పడ్డాయి. లోపలున్న తండ్రి చనిపోయాడు, కొడుక్కి గాయాలు. ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్నా కాపలా సరిగా పెట్టలేదు. జైలు నడపడం రాజ్యాధికారమేనని ప్రభుత్వం వాదించింది. మనిషి ప్రాణం ముందు ఆ వాదన చెల్లదని హైకోర్టు 1,44,000 రూపాయలు, వడ్డీ ఇప్పించింది. 2000లో సుప్రీంకోర్టూ ఔనంది. బాంబు పడ్డాక ఇరవై మూడేళ్లకు! చట్టం పుస్తకాల్లో ఇది చల్లా రామకృష్ణారెడ్డి కేసు.

అట్లాగని ఉద్యోగి చేసిన ప్రతిదీ యజమాని మీద పడదు. బ్యాంకులో పనిచేసే అబ్బాయి మన వీధివాడే కదా అని బిట్రగుంట బజార్లో అతని చేతికి డబ్బిచ్చి ‘నా ఖాతాలో వెయ్యి నాయనా’ అన్నారనుకోండి. అతను మింగేస్తే? సరిగ్గా ఇలాంటి కేసే స్టేట్ బ్యాంకు మీద పడితే, డబ్బు తీసుకున్నది స్నేహితుడిగానే తప్ప బ్యాంకు ఉద్యోగిగా కాదని 1978లో సుప్రీంకోర్టు అంది. బ్యాంకు పైసా కట్టనక్కర్లేకపోయింది. అతను ఖాతా పుస్తకాల్లో దొంగ రాతలు రాసినా సరే.