డిస్కు నాగలి, డిస్కు హారో: పేరొకటి, పని వేరు

దాజీ పేటయందు నివసించు మనవారిలో పెక్కుమంది పూర్వులు తెలంగాణమునుండి మగ్గమును నమ్ముకొని షోలాపురమునకు వచ్చినవారు. కులవృత్తి నేతయే యైనను, స్వగ్రామమునందలి రెండు మూడెకరముల చేనును విడువని కుటుంబములు నేటికిని గలవు. ఆ చేను బంధువుల చేతిలోనో, కౌలుదారుని చేతిలోనో యుండును. దుక్కి ఖర్చు మాత్రము ఇచ్చటనుండి పంపవలసివచ్చును. అట్లు పంపిన ఒకానొక వేసవిలో నాకు కలిగిన అనుభవమే ఈ వ్యాసమునకు కారణము.

మా చెలక గరిక పట్టిపోయినది. లోతుగా దున్నించి వేళ్ళు ఎండవేయింపుమని మేనమామగారి చిన్న కుమారునకు చెప్పి పైకము పంపితిని. ‘డిస్కు కొట్టిచ్చిన బావా’ యని అతడు కబురు చేసెను. తొలకరి పడిన నెలలోపలనే గరిక మునుపటికంటె దట్టముగా లేచెను. నేను వెళ్ళి విచారింపగా, పొలములో తిరిగినది డిస్కు హారో యనియు, డిస్కు నాగలి కాదనియు తేలినది. అతడు అబద్ధమాడలేదు. ట్రాక్టరువాడును మోసగింపలేదు. ఊరిలో రెండింటిని ‘డిస్కు’ అనియే పిలుతురు. ఒకే మాటచే రెండు పనిముట్లను పిలుచుటవలన నాకు ఒక పంటకాలము నష్టమైనది.

మన పాత పనిముట్లలో ఇట్టి చిక్కు లేదు. నేలను చీల్చునది నాగలి, పైమట్టిని కదలించి కలుపు కోయునది గుంటక, విత్తునది గొర్రు. షోలాపుర ప్రాంతపు మరాఠీ రైతు వీనినే నాంగర్, కుళవ్, పాభర్ అనును. రెండు భాషలయందును మూడు పనులకు మూడు పేర్లు గలవు. ట్రాక్టరుతో వచ్చిన డిస్కులయందును ఒకటి నాగలి జాతిది, మరియొకటి గుంటక జాతిది. ఆకారము ఒకటిగా కనబడుటచేత ఈ భేదము మరుగుపడినది.

డిస్కు అనగా మూకుడువలె లోపలికి పల్లముగానున్న గుండ్రని ఉక్కు పళ్ళెము. దాని అంచు వాడిగా నుండును. ట్రాక్టరు లాగుచుండగా నేల రాపిడిచేత అది తనంతట తానే దొర్లును. రోటవేటరువలె దీనికి ఇంజనునుండి తిరుగుడు శక్తి రాదు. ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి గలదు. సాధారణమైన ఇనుప రెక్క నాగలి తన కర్రు వాలుచేత నేలలోనికి దిగును. కర్రు ముందుకు పోవుకొలది లోపలికి లాగబడును. డిస్కునకు ఆ గుణము లేదు. అది బరువుచేతను, నిలబెట్టిన కోణముచేతను మాత్రమే దిగును. అందుచేతనే డిస్కు పనిముట్లు అంత బరువుగా నుండును. బరువు చాలనిచో పైన రాళ్ళో, సిమెంటు దిమ్మలో పెట్టుదురు.

ఇక డిస్కు నాగలిని చూడుడు. దీనియందు డిస్కులు తక్కువ, సాధారణముగా రెండు లేక మూడు. ఒక్కొక్క దాని వ్యాసము 60 మొదలు 70 సెంటీమీటర్ల వరకుండును. ప్రతి డిస్కునకు ప్రత్యేకమైన కాలును, ప్రత్యేకమైన బేరింగును గలవు. ప్రతి డిస్కు రెండు విధములుగా వాలియుండును: పోవు దిక్కునకు అడ్డముగా సుమారు 42 మొదలు 45 డిగ్రీలు, నిలువునుండి వెనుకకు 15 మొదలు 25 డిగ్రీలు. ఈ రెండవ వాలే దీని ప్రాణము. మట్టిని కోసి, పైకెత్తి, ప్రక్కకు త్రిప్పి వేయుటకు అదియే సాయపడును. డిస్కులన్నియు మట్టిని ఒకే ప్రక్కకు త్రోయుటచేత నాగలి ఎదురు ప్రక్కకు జరుగజూచును. ఆ ఒత్తిడిని ఓర్చుటకు వెనుక ఏటవాలుగా ఒక చాలు చక్రమును అమర్చుదురు. జిగట మట్టి అంటుకొనకుండ ప్రతి డిస్కునకును ఒక గీకుడు బద్ద యుండును. లోతు 20 మొదలు 30 సెంటీమీటర్ల వరకు పోవచ్చును.

డిస్కు హారో నిర్మాణము వేరు. మన వారికి ఒక్క మాటలో చెప్పవలెనన్న, ఒకే చువ్వకు వరుసగా గ్రుచ్చిన కండెలను తలచుకొనుడు. అట్లే ఒక ఇరుసునకు అయిదో, ఆరో, అంతకెక్కువో డిస్కులు గ్రుచ్చబడి, అన్నియు కలిసి తిరుగును. వ్యాసము 45 మొదలు 60 సెంటీమీటర్లు. ఇవి వెనుకకు వాలవు, నిట్టనిలువుగా నుండును. ఇరుసునే కొంచెము ఏటవాలుగా, సాధారణముగా 15 మొదలు 25 డిగ్రీలు, త్రిప్పి బిగింతురు. ఏటవాలు పెంచినకొలది లోతు పెరుగును, తగ్గించినచో డిస్కులు నేలపై దొర్లిపోవును. ఎంత చేసినను దీని పని పై 10, 15 సెంటీమీటర్లలోనే. గడ్డలు పగులగొట్టుట, పంట మోళ్ళను కోసి మట్టిలో కలుపుట, విత్తనమునకు పొడిమట్టి సిద్ధము చేయుట దీని ధర్మము.

హారోలలో మరల భేదములు గలవు. రెండు వరుసలు మట్టిని బయటకు త్రోసి వెళ్ళిపోవునది ఒంటిపని హారో. దానివెనుక మరి రెండు వరుసలు చేర్చి, చిమ్మిన మట్టిని లోపలికి రప్పించునది టాండెం హారో. ముందొకటి, వెనుకొకటిగా రెండు వరుసలు మాత్రమే యుండి, ముందరిది కుడికి త్రోయగా వెనుకటిది ఎడమకు త్రోయునది ఆఫ్‌సెట్ హారో. దీనిని ట్రాక్టరునకు సూటిగా గాక ఒక ప్రక్కకు జరిపి లాగవచ్చును. అందుచేత ట్రాక్టరు చెట్ల కొమ్మలకు దూరముగా నడచుచుండగా, హారో కొమ్మలక్రింది నేలను పనిచేయును. దానిమ్మ తోటలు విస్తారముగానున్న షోలాపుర జిల్లాలో ఈ గుణమునకు విలువ యున్నది, కాని చెట్టు మొదటికి మరీ దగ్గరగా పోనిచ్చినచో పైపై వేళ్ళు తెగును. చెరకు మోళ్ళున్నచోట గాట్లు గల డిస్కులను ముందు వరుసలో వేయుదురు. నునుపైన అంచు చెత్తపై జారును, గాటు దానిని పట్టి కోయును.

ఈ రెండింటికి నడుమ మూడవది యొకటి గలదు. హారోవలె ఒకే ఇరుసునకు నిలువుగా గ్రుచ్చిన డిస్కులు, కాని నాగలివలె అన్నియు ఒకే ప్రక్కకు మట్టిని త్రోయును. దీనిని నిలువు డిస్కు నాగలి యనియు, హారో నాగలి యనియు అందురు. దీని చరిత్ర గమనింపదగినది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఛార్లెస్ ఏంజెల్ అను గోధుమ రైతు 1920 దశకమున ఇట్టి పనిముట్టును ప్రచారమునకు తెచ్చెను. అది చౌకగా, వేగముగా, వందల ఎకరముల గడ్డినేలను గోధుమ పొలముగా మార్చినది. 1930 దశకమున వరుసగా వానలు తప్పినప్పుడు, పొడిగా చేయబడి, మోడు కప్పు లేక నిలిచిన ఆ నేల ధూళి తుఫానులై లేచిపోయెను. కరవు, గాలి మూలకారణములే యైనను, మట్టిని పిండిచేసిన ఈ పనిముట్టుకు కూడ ఆ నష్టములో భాగమున్నదని చరిత్రకారులు చెప్పుదురు.

ఆ దశకముననే, 1933లో, మన షోలాపురమునందు మెట్ట వ్యవసాయ పరిశోధన కేంద్రము నెలకొల్పబడినది. ఇచ్చటి ప్రశ్న వేరు. వాన తక్కువ, నమ్మరానిది. తక్కిన నెలలకంటె సెప్టెంబరులో ఎక్కువగా పడును. నల్లరేగడి ఆ నీటిని దాచుకొనగా, ఆ తేమపైననే రబీ జొన్న పండవలెను. ఆ కృషినుండి రూపొందిన ‘బొంబాయి మెట్ట సేద్యపు పద్ధతి’లో గట్లు వేయుట, పలుచగా విత్తుట, వరుసల నడుమ ఎడము పెంచుట మొదలగు వానితోపాటు, దుక్కిని గూర్చిన నియమమొకటి యున్నది: లోతు దుక్కి మూడేండ్లకొకసారి, తక్కిన కాలమందు పైపై గుంటకయే పలుమారులు. అప్పుడు ట్రాక్టరు డిస్కుల ప్రసక్తి లేదు. 1903లో బెళగాములో లక్ష్మణరావు కిర్లోస్కరుగారు మొదలిడిన ఇనుప నాగలియు, ఎద్దుల కుళవ్‌ను రైతు పనిముట్లు. అయినను ఆ నియమమును నేటి మాటలలో చెప్పవచ్చును: డిస్కు నాగలి కొన్ని యేండ్లకొకసారి, డిస్కు హారో అవసరమైనంత వరకు. తారుమారు చేసినచో రెండు విధముల నష్టము. ఏటేట లోతుగా దున్నినచో డబ్బును, తేమయు పోవును. ఏటేట హారో మాత్రమే త్రిప్పినచో బరువైన డిస్కుల అంచులు ఒకే లోతున నొక్కి నొక్కి, ఆ క్రింద గట్టిపొర ఏర్పడును. నీరు దిగదు, వేరు దిగదు.

గరిక సంగతి ఇప్పుడు తెలియును. గరిక, తుంగ మొదలగునవి విత్తనముకంటె భూమిలోని కాండములచేత, గడ్డలచేత ఎక్కువగా వ్యాపించును. హారో గరిక తీగెను ముక్కలు చేయును. తేమ యున్నచో కణుపుగల ప్రతి ముక్కయు ఒక మొక్క యగును. మా చేనులో జరిగినది ఇదియే. డిస్కు నాగలియైనను కొంత కోయును, కాని ఎండు వేసవిలో లోతునుండి పెద్ద గడ్డలుగా పెల్లగించి, వేళ్ళను వారముల తరబడి ఎండకు చూపును. ఆ గడ్డలను చూచి తొందరపడి వెంటనే హారో వేయింపరాదు. నల్లరేగడిలో తొలి వానలకు తడిసి ఆరి గడ్డలు తమంతట తామే చిట్లును. తెలంగాణపు ఎఱ్ఱ చెలక అట్లుకాదు. అది తడిసి ఆరినచో పైన పెంకు కట్టును. మట్టిని హారోతో మరీ మెత్తగా చేసినచో వాన దెబ్బకు ఆ పెంకు మరింత గట్టిపడి మొలకను పైకి రానీయదు. రాళ్ళు, మోళ్ళు గల చెలకలో మాత్రము డిస్కు నాగలికి ఒక మేలు గలదు. రెక్క నాగలి కర్రు తగిలి విరుగుచోట డిస్కు దొర్లి పైకెక్కి దాటిపోవును.

అయితే మట్టిని పూర్తిగా తిరుగవేయుటలో రెక్క నాగలికి సాటి లేదు. మెత్తని, రాళ్ళు లేని నేలలో డిస్కు నాగలిని వెదకి తెచ్చుట వ్యర్థము.

దూరమునుండి దుక్కి చేయించు మన వారు ‘డిస్కు’ అను మాటతో తృప్తిపడక, డిస్కులెన్ని, ఒక్కొక్కటి వేరు కాలిపై వెనుకకు వాలియున్నదా, లేక అన్నియు ఒకే ఇరుసునకు నిలువుగా నున్నవా యని అడుగవలెను. రెండో మూడో, వాలినవి యన్నచో నాగలి. పది పండ్రెండు, ఇరుసునకు గ్రుచ్చినవి యన్నచో హారో. మొదటి చాలు పోయిన వెంటనే ఒక పుల్లను గట్టినేల తగులువరకు గ్రుచ్చి, జేనతో కొలిచి చెప్పుమన్నచో లోతు కూడ తెలియును. జేనకు మించినచో నాగలి పని, అర జేన చుట్టుపట్లనున్నచో హారో పని. మరుసటి యేడు మా చెలకలో కొలిచిన పుల్ల జేనకు నాలుగు వ్రేళ్ళు ఎక్కువ వచ్చినది.