ఆర్టీసీ పనివారి బరువు

బస్సు వేళకు వచ్చినంతకాలము దానిని నడుపువాని జీతమెంతయో యడుగువారుండరు. తెలంగాణ ఆర్టీసీలో 2019 అక్టోబరు 5న దాదాపు 48,000 మంది పనివారు సమ్మెకు దిగినప్పుడుగాని వారి కష్టము లోకమున కెఱుక కాలేదు. సంస్థను ప్రభుత్వమున కలుపుట, జీతముల సవరణ, ఖాళీల భర్తీ వారి కోర్కెలు. 52 దినములు సాగిన యా సమ్మె ముఖ్యమైన కోర్కె యేదియు నెఱవేరకయే ముగిసెను. నడుమ కొందరు ప్రాణములనే తీసికొనిరి. విలీనపు బిల్లును 2023 ఆగస్టులో శాసనసభ యామోదించునాటికి మిగిలినవారు 43,373 మంది.

నడుపువారు తగ్గుచుండగా నెక్కువారు పెరిగిరి. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణ ముచితము. కూలిస్త్రీకి దినకూలిలో బస్సుచార్జీ మిగులుట చిన్న మేలు కాదు. దానిని వెక్కిరించువారితో మే మేకీభవింపము. కాని డబ్బు పుచ్చుకొనకపోయినను కండక్టరు ప్రతి స్త్రీకిని ‘సున్న టికెట్టు’ కొట్టవలసినదే. ప్రభుత్వము సంస్థకు చెల్లించు సొమ్మున కదియే లెక్క. క్రిక్కిరిసిన బండిలో నొక్కడే, లేదా యొక్కతెయే, ఆ పని చేయవలెను.

2025లో వెలువడిన నియామక ప్రకటనలో 1,000 డ్రైవరు కొలువులు, 743 శ్రామిక కొలువులు కలవు. కండక్టరు కొలువొక్కటియు లేదు. ఎందులకు లేదో రవాణా శాఖవారు చెప్పవలసియున్నది.