ఊకొట్టేవారే కథ నడిపే వేళ

మన ఇళ్లలో కథ చెప్పడానికి ఒక పద్ధతి ఉన్నది. రాత్రి భోజనాలైన తరువాత అవ్వ అయినా, దాదీ అయినా కథ ప్రారంభించే ముందు పిల్లలకు ఒక షరతు పెడుతుంది: “ఊకొట్టాలి, లేకపోతే చెప్పను.” ఆ “ఊ” అనే చిన్న శబ్దంలో ఎంతో అర్థమున్నది. వినేవాడు మేలుకొని ఉన్నాడనీ, కథకునితోపాటు నడుస్తున్నాడనీ దానివల్ల తెలుస్తుంది. బుర్రకథలో ప్రధాన కథకునికి ఇరుపక్కలా వంతలు నిలబడడంలోనూ ఈ రహస్యమే ఉన్నది. ఒంటరి గొంతుతో కథ సాగదు.

ఊకొట్టే పిల్లవాడు ఒకనాడు లేచి కూర్చొని, “అవ్వా! ఆ రాజకుమారుడు తూర్పుకు పోడు, పడమటికి పోతాడు” అన్నాడనుకుందాం. అవ్వ కోప్పడక, “సరే, పడమట ఒక అడవి ఉన్నది, అక్కడ ఏం చేస్తాడు?” అని అడిగిందనుకుందాం. ఆ క్షణంలో కథ క్రీడగా మారుతుంది. పాశ్చాత్య దేశాలలో యాభై ఏళ్లుగా ప్రసిద్ధి చెందిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ వంటి పాత్రధారణ క్రీడల సారమంతా ఇదే. దూరదేశాలలో ఉన్న మిత్రులతో ఇంటర్నెట్ ద్వారా ఈ క్రీడను నెలల తరబడి నడపడం ఎలాగో, అందులో నాకు కలిగిన అనుభవమేమిటో విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్రీడాస్వరూపం

ఈ ఆటలో ఒకరు సూత్రధారి. తక్కిన నలుగురైదుగురు పాత్రధారులు. ప్రతి పాత్రధారీ ఒక వ్యక్తిని కల్పించుకుంటాడు. యోధుడు, మాంత్రికుడు, చోరుడు, వైద్యుడు – ఎవరి ఇష్టం వారిది. ఆ వ్యక్తి బలం, చురుకుదనం, దారుఢ్యం, మేధ, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలనూ అంకెలలో ఒక కాగితంపై రాసుకుంటాడు. సూత్రధారి లోకాన్ని వర్ణించి, “ఇప్పుడు ఏం చేస్తావు?” అని అడుగుతాడు. పాత్రధారి జవాబు చెబుతాడు. ఆ పని సులభమైతే జరిగిపోతుంది, అసాధ్యమైతే జరగదు. రెంటికీ మధ్య ఉన్నప్పుడు మాత్రం ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. కూలిన గోడను ఎక్కడానికి 15 అంకె కావాలని సూత్రధారి నిర్ణయించాడు. ఎక్కేవాని నైపుణ్యం 4. అంటే పాచికపై 11 గాని, అంతకు మించి గాని పడాలి. ఇరవై ముఖాలలో అటువంటివి పది. గెలుపు నూటికి 50 పాళ్లు. ఇంతలో మరొక మిత్రుడు పైనుంచి తాడు అందించాడు. సాయం ఉన్నప్పుడు పాచికను రెండుసార్లు వేసి, పెద్ద అంకెను తీసుకోవచ్చునని నియమం. అప్పుడు గెలుపు నూటికి 75 పాళ్లు అవుతుంది. స్నేహానికి గణితంలో కూడా విలువ కట్టిన ఆట ఇది.

దీని వంశవృక్షం విచిత్రమైనది. 1824లో ప్రష్యా దేశపు సైనికాధికారి రైస్విట్జ్ సైనిక శిక్షణకోసం ఒక యుద్ధక్రీడను రూపొందించాడు. ఉభయపక్షాలూ తమ ఆజ్ఞలను కాగితంపై రాసి ఒక మధ్యస్థునికి అందిస్తాయి. ఫలితాన్ని అతడు ప్రకటిస్తాడు. మన సూత్రధారికి పూర్వీకుడు ఆ మధ్యస్థుడే. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఆటగాళ్లకు సేనలకు బదులు ఒక ఊరిలోని వేర్వేరు వ్యక్తుల పాత్రలను ఇచ్చి ఆడించాడు. ఆ ఆట ఆడిన డేవ్ ఆర్నెసన్ దానిని అద్భుతలోకానికి మళ్లించాడు. ఆయనా, విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన గ్యారీ గైగాక్సూ కలిసి 1974లో మూడు చిన్న పుస్తకాలను ఒక పెట్టెలో పెట్టి ప్రకటించారు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు మాత్రమే. ఆ క్రీడ అయిదవ రూపం 2014లో వెలువడింది. దాని మౌలిక నియమావళిని 2023 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కనుక బీద విద్యార్థికి కూడా ఇది అందని పండు కాదు.

దాస్తాన్, క్రీడ

మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు ఇదంతా ఎక్కడో విన్నట్టు తోచడం సహజమే. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1880ల దశకం నుంచి ప్రకటించిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ను ముహమ్మద్ హుసేన్ జాహ్ ఆరంభించగా, అహ్మద్ హుసేన్ ఖమర్ కొనసాగించారు. తిలిస్మ్ అంటే మాంత్రికుడు కట్టిన లోకం. దాని ధర్మాలు దానివే. అందులో అమర్ అయ్యార్ భుజాన ‘జంబీల్’ అనే సంచీ ఉంటుంది. ఎన్ని వస్తువులు వేసినా అది నిండదు. లోకాలకు లోకాలే అందులో ఇమిడిపోతాయి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లోనూ ఒక మాయాసంచీ ఉన్నది. కాని దానికి హద్దున్నది. 500 పౌన్లకు మించి అది మోయలేదు.

ఈ భేదంలోనే కథకూ క్రీడకూ మధ్యనున్న సరిహద్దు కనిపిస్తుంది. దాస్తాన్‌లో సంచీ అనంతమైతే శ్రోతకు ఆశ్చర్యం కలుగుతుంది, ఆనందం కలుగుతుంది. క్రీడలో అనంతమైతే ఆటే చచ్చిపోతుంది. ఏది మోసుకుపోవాలి, ఏది విడిచిపోవాలి అన్న నిర్ణయం పాత్రధారికి మిగలదు. నిర్ణయం లేనిచోట లీనత లేదు. నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే. వర్ణన ఎంత రమ్యమైనా, బొమ్మలు ఎంత మెరిసినా మనిషి ఊహాలోకంలో మునగడు. తన మాటవల్ల ఆ లోకం కొంచెమైనా మారినదని తెలిసినప్పుడే మునుగుతాడు.

దూరంలోని కష్టం

2020లో మహమ్మారి కారణంగా అందరం ఇళ్లలో చిక్కుకున్నప్పుడు, విశ్వవిద్యాలయంలో నాతో ఎం.ఏ. చదివిన నలుగురు మిత్రులు ఈ క్రీడకు పూనుకున్నారు. ఒకరు కర్నూలులో, ఒకరు హైదరాబాదులో, ఒకరు రియాద్‌లో, ఒకరు డల్లాస్‌లో ఉన్నారు. తెలుగు లెక్చరర్‌ను గనుక సూత్రధారి బాధ్యత నాపై పడింది. ప్రతి శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు మేము కలిసేవాళ్లం. రియాద్‌లో అప్పుడు సాయంత్రం ఆరు గంటలు, డల్లాస్‌లో ఉదయం పది. ఒక్కొక్క కూటమికి ‘మజిలీ’ అని పేరు పెట్టుకున్నాం.

పనిముట్లకు కొదవ లేదు. 2012లో వచ్చిన ‘రోల్ ట్వంటీ’, 2020లో వచ్చిన ‘ఫౌండ్రీ’ వంటి ఏర్పాట్లతో తెరపైనే పటం పరచవచ్చు, పాచికలు వేయవచ్చు. నేను మొదట వాటి మోజులో పడ్డాను. రంగుల పటాలు, వాన చప్పుడు, పిడుగు చప్పుడు సిద్ధం చేసుకున్నాను. మూడవ మజిలీకి పన్నెండు పుటల వర్ణన రాసుకొని గంటసేపు చదివాను. నది, నదీతీరాన పాడుబడిన కోట, ఆ కోట తలుపుకు తాళం లేకపోవడం, వచ్చినవారి పేరు అది అడగడం, పేరు చెప్పినవాడు ఆ పేరును మరచిపోవడం – అంతా చదివి, “ఏం చేస్తారు?” అన్నాను. ఎవరూ పలకలేదు. చప్పుడు రాకుండా అందరూ మైకులు మూసుకొని ఉన్నారు. కొంతసేపటికి రియాద్ మిత్రుడు, “భాయ్, నువ్వు పాఠం చెబుతున్నావు. మేము హాజరు పలుకుతున్నాం” అన్నాడు.

ఆ మాట నాకు ములుకువలె తగిలింది. ఎందుకంటే ఆ రోజుల్లోనే పగలు నేను తరగతులను కూడా అదే విధంగా తెరపై చెబుతున్నాను. అరవై పేర్లు కనబడేవి, ఒక్క గొంతూ వినబడేది కాదు. విద్యార్థుల అశ్రద్ధే దానికి కారణమని అంతవరకు అనుకున్నాను. నలుగురు ప్రాణమిత్రులు కూడా నా ముందు మౌనంగా కూర్చున్న రాత్రి, లోపం ఎక్కడున్నదో తెలిసింది. ఎదురుగా ఉన్నప్పుడు కళ్లు, తల ఊపడం, నవ్వు – ఇవన్నీ “ఊ” పనిని చేస్తాయి. దూరంలో ఉన్నప్పుడు అవేవీ చేరవు. కనుక సూత్రధారి మొదటి పని వర్ణన కాదు. పోయిన “ఊ”ను తిరిగి తేవడం.

మేము దిద్దుకున్న పద్ధతులు

మొదటిది, ముందస్తు ఒప్పందం. కథ మొదలుకాక ముందే ఒక మజిలీని కేవలం మాటలకే కేటాయించాలి. ఎటువంటి కథ కావాలి? ఏ విషయాలు ఎవరికి బాధ కలిగిస్తాయి? మా మిత్రులలో ఒకరికి ఆ ఏడే పితృవియోగం కలిగింది. రోగశయ్య ఘట్టాలు వద్దన్నారు. వద్దన్న విషయం కథలోకి రాలేదు. ఎవరైనా “ఆపుదాం” అంటే కారణం అడగకుండా ఆపాలన్నది మా నియమం.

రెండవది, క్లుప్తత. ఒక చోటును మూడు వాక్యాలకు మించి వర్ణించరాదని కట్టుబాటు చేసుకున్నాను. కంటికి కనిపించేది ఒకటి, చెవికో ముక్కుకో తెలిసేది ఒకటి, అక్కడ జరుగుతున్న పని ఒకటి. “తలుపు తడిగా ఉన్నది. పాత ఇత్తడి వాసన వస్తున్నది. ఎవరో లోపలినుంచి నీ పేరు అడుగుతున్నారు.” ఇంత చాలు, మిగిలినది వినేవాని ఊహ పూరిస్తుంది. పటాన్ని దారి తెలియడానికి మాత్రమే వాడాలి. అదేపనిగా తెరపై ఉంటే కన్ను పటానికి అతుక్కుపోయి, చెవి మూసుకుపోతుంది.

మూడవది, పేరు పెట్టి అడగడం. “ఏం చేస్తారు?” అని అందరినీ అడిగితే ఎవరూ పలకరు. “చోరుడా! తలుపు సందులోనుంచి వెలుతురు కదలడం నీకొక్కనికే కనబడింది. చెబుతావా, దాస్తావా?” అని ఒక్కరినే అడగాలి. తరువాత రెండవవారిని. ఎక్కువసేపు పలకనివారు ఎవరో గుర్తుంచుకోవడానికి నేను పక్కన ఒక కాగితం పెట్టుకొని గీతలు గీసేవాణ్ణి. మైకులు తెరిచే ఉంచాలన్నాం. వంటింటి చప్పుడు వినిపించినా పరవాలేదు. నవ్వు వినిపించడం ముఖ్యం.

నాలుగవది, జ్ఞాపకం. ప్రతి మజిలీ ఆరంభంలో గతకథను సూత్రధారి కాక పాత్రధారులలో ఒకరు చెప్పాలి. వారికి గుర్తున్నదే వారి కథ. వారు మరచినది ఎంత అందమైనదైనా వదులుకోవాలి. వారు చేసిన పని – రక్షించిన బాలుడు, తప్పిన మాట – పది వారాల తరువాతైనా ఫలితంగా తిరిగి రావాలి.

అయిదవది, కాలనియమం. తెరముందు రెండు గంటలకు మించి కూర్చోబెట్టరాదు. నడుమ పది నిమిషాల విరామం ఉండాలి. నవంబరులో అమెరికా గడియారాలు ఒక గంట వెనక్కు మారతాయి. ఆ సంగతి మరచి మా డల్లాస్ మిత్రుడు ఒకసారి గంట ఆలస్యంగా వచ్చాడు. దూరదేశీయులతో ఆడేవారు ఇటువంటి చిన్న విషయాలను కూడా లెక్కలో ఉంచుకోవాలి.

ఈ మార్పులతో నాలుగవ మజిలీలో మళ్లీ ఆ తలుపు దగ్గరికి వచ్చాం. ఈసారి మూడే వాక్యాలు చెప్పి రియాద్ మిత్రుని అడిగాను. అతడు కొంచెం ఆలోచించి, తలుపుతో, “నా పేరు సరే, నీ పేరేమిటి?” అన్నాడు. నా పన్నెండు పుటలలో తలుపుకు పేరు లేదు. “నాకు ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదు” అన్నాను, తలుపు పక్షాన. “అయితే నేను పెడతాను” అన్నాడు. పాచిక కూడా వేయనక్కరలేకపోయింది, తలుపు తెరుచుకున్నది. మిగిలిన ముగ్గురూ ఒక్కసారిగా మాట్లాడసాగారు. ఆ రాత్రి మజిలీ రెండు గంటల నియమాన్ని దాటింది. నేను రాసుకున్న కోట నాది. ఆ రాత్రి తెరుచుకున్న కోట వారిది.

ఒక సందేహం

పాచిక అనగానే జూదం స్ఫురిస్తుందని పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. వారి శంక నిరాధారం కాదు, గౌరవించదగినది. ఈ క్రీడలో పందెం లేదు, ఒకరి నష్టం మరొకరికి లాభం కాదు, అందరూ ఒకే పక్షం. అయినప్పటికీ పాచిక వద్దనుకునేవారు 1 నుంచి 20 వరకు అంకెలు రాసిన చీటీలను డబ్బాలో వేసి ఒకటి తీయవచ్చు. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయడం మరవకపోతే లెక్క సరిగ్గా అదే. ఇక కాలహరణమనే ఆక్షేపణకు జవాబు కాలనియమమే. వారానికి రెండు గంటలు దాటితే అది దోషమే.

ముగింపు

మా కథాయాత్ర పద్నాలుగు నెలలు సాగింది. అది ముగిసేనాటికి నా తరగతి కూడా కొంత మారింది. ఇప్పుడు పద్యం చెప్పేటప్పుడు అర్థమంతా ముందే ఒలకబోయను. ఒక చోట ఆగి, ఒక విద్యార్థిని పేరు పెట్టి పిలిచి, “నీవే ఆ పాత్రవైతే ఏమంటావు?” అని అడుగుతాను. కొన్నిసార్లు వచ్చే సమాధానం నా నోట్సులో ఉండదు. ఆ రోజు పాఠం బాగా జరిగినట్టు లెక్క.

మన కళాశాలలో ఉర్దూ విద్యార్థులూ తెలుగు విద్యార్థులూ ఒకే వరండాలో నడుస్తూ కూడా వేర్వేరు కథలు వింటూ పెరుగుతున్నారు. ఒకరికి అమర్ అయ్యార్ తెలుసు, మరొకరికి కాశీమజిలీల గోపకుమారుడు తెలుసు. వారానికొకసారి గ్రంథాలయంలో ఒక బల్ల చుట్టూ వీరిరువురినీ కూర్చోబెట్టే అవకాశాన్ని కళాశాల సంఘంవారు కల్పిస్తే, సెలవులలో ఎవరి ఊరినుంచి వారు ఇంటర్నెట్ ద్వారా ఆ కథను కొనసాగించగలరు. దానికి కావలసినది ఒక బల్ల, కొన్ని కాగితాలు, ఇరవై చీటీలు. మిగిలినదంతా “ఊ” అనే మిత్రులే సమకూరుస్తారు.