ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆవల

ఉన్నత విద్యలో ప్రభుత్వ సాయం అనగానే తెలుగు రాష్ట్రాల్లో ఎవరి నోటైనా మొదట వచ్చే మాట ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం లక్షల కుటుంబాల పిల్లలను ఇంజినీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ తరగతుల దాకా నడిపించింది కాబట్టి ఆ మాటకు అంత బలం రావడం సహజమే. అయితే ఆ ఒక్క మాట ఎంత పెద్దదైందంటే, దాని నీడలో మిగిలిన అవకాశాలు చాలావరకు కనబడకుండా పోయాయి. తరగతి గది దాటి పరిశోధనశాలలోకి, గ్రంథాలయంలోకి, మరో విశ్వవిద్యాలయంలోకి దారి చూపే పథకాల పేర్లు కూడా వినకుండానే డిగ్రీ పట్టా పుచ్చుకుంటున్న విద్యార్థులు తక్కువేమీ కాదు.

ఈ సాయానికి మూలం కొత్తది కాదు. పదో తరగతి తర్వాతి చదువుకు ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం షెడ్యూల్డు కులాల విద్యార్థుల కోసం 1944లోనే, అంటే స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 2020 డిసెంబరులో కేంద్రం దాని ఖర్చును తాను 60, రాష్ట్రాలు 40 పాళ్ల చొప్పున పంచుకునేలా మార్చి, అయిదేళ్లకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించింది. రాష్ట్రాలు ఈ పునాది మీద తమ పథకాలను కట్టుకున్నాయి. తెలంగాణలో ఈ సాయానికి రెండు భాగాలున్నాయి: కళాశాలకు చేరే బోధన రుసుమును ఆర్‌టీఎఫ్ అని, విద్యార్థి తిండికీ వసతికీ ఇచ్చే మొత్తాన్ని ఎంటీఎఫ్ అని అంటారు. ఇంజినీరింగ్ చదివే బీసీ, ఈబీసీ విద్యార్థులకు ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వస్తే సాధారణంగా ఫీజు మొత్తం, ఆపై ర్యాంకైతే 35,000 రూపాయల వరకు ప్రభుత్వం భరిస్తుంది. తేడా సొమ్మును కుటుంబమే చూసుకోవాలి.

దరఖాస్తు నడిచే తీరును దగ్గర నుంచి చూస్తే చిక్కంతా ఎక్కడుందో తెలుస్తుంది. విద్యార్థి ఈ-పాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వివరాలు నింపి, మీసేవ నుంచి తెచ్చిన కుల, ఆదాయ ధ్రువపత్రాలను జతచేసి, కళాశాలలో కాగితాలు ఇచ్చి, వేలిముద్ర వేసి, 75 శాతం హాజరు నిలుపుకుంటే గానీ బిల్లు ఖజానాకు వెళ్లదు. ఈ వరుసలో ఎక్కువగా తడబడేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరంగా మిగిలితే కంప్యూటర్ దృష్టిలో వారు ఇద్దరు మనుషులు. రెండో తడబాటు బ్యాంకు దగ్గర. ఆధార్ ఆధారంగా జమయ్యే సొమ్ము దరఖాస్తులో రాసిన ఖాతా నంబరుకు వెళ్లదు. చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ జాబితాలో ఆ ఆధార్‌కు చివరిగా ముడిపడిన ఖాతాకు వెళుతుంది. సిమ్ కార్డు కొనేటప్పుడో, ఫోన్‌లో ఏదో యాప్ తెరిచేటప్పుడో చదవకుండా ఇచ్చిన అంగీకారంతో మరెక్కడో కొత్త ఖాతా తెరుచుకుంటే, డబ్బు అందులో పడి, విద్యార్థి మాత్రం పాత పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతుంటాడు.

బకాయిల సంగతి వేరు. ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ము ఆలస్యమైనప్పుడు కళాశాల యాజమాన్యం ఆ భారాన్ని విద్యార్థి మీదకు నెట్టి, చదువు ముగిసినా టీసీ, మెమోలు ఇవ్వకుండా ఆపడం రెండు రాష్ట్రాల్లోనూ తరచూ వినవచ్చే ఫిర్యాదు. అసలు ధ్రువపత్రాలను సంస్థ తన దగ్గర అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, స్పష్టంగా చెప్పింది. 2023లో అది తెచ్చిన నిబంధనల ప్రకారం విద్యాసంస్థల్లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీలు ఉండాలి. అక్కడ న్యాయం దొరక్కపోతే విశ్వవిద్యాలయం నియమించిన అంబుడ్స్‌పర్సన్ అనే స్వతంత్ర అధికారికి విన్నవించుకోవచ్చు. ఈ హోదా ఒకటున్నదన్న సంగతి నోటీసు బోర్డు మీద కనబడే కళాశాలలు అరుదు.

కేంద్రం నేరుగా ఇచ్చే ఉపకారవేతనాల్లో సామాన్య డిగ్రీ విద్యార్థికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఇంటర్ బోర్డులో తన విభాగంలో పైనున్న 20 శాతం మందిలో నిలిచి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల రూపాయలు మించని విద్యార్థుల్లో ఏటా దేశమంతటా 82,000 మంది దాకా దీన్ని పొందుతారు. అందులో సగం బాలికలకు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, పీజీలో 20,000 రూపాయలు అందుతాయి. దీనికో షరతుంది: ఫీజు రీయింబర్స్‌మెంట్ వంటి మరో సాయం పొందుతున్నవారు దీనికి అర్హులు కారు. కనుక రెంటిలో ఏది మేలో లెక్క వేసుకోవాలి. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో చేరినవారికి రాష్ట్ర పథకమే లాభం; నామమాత్రపు ఫీజుతో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదివేవారికి చాలా సందర్భాల్లో ఈ 12,000 ఎక్కువ. ఆ లెక్క ప్రవేశాల సమయంలోనే విద్యార్థి పక్కన కూర్చుని వేసిపెట్టేవారు లేరు. మంజూరైనవారిలోనూ కొందరు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండి కూడా ఏటేటా రెన్యువల్ చేసుకోవాలన్నది తెలియక రెండో ఏడు నుంచి పోగొట్టుకుంటారు.

ఉపకారవేతనం చాలనప్పుడు మిగిలేది విద్యారుణం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికచేసిన నాణ్యమైన సంస్థల్లో (మొదట ఇవి 860) సీటు వచ్చినవారికి తనఖా గానీ హామీదారు గానీ లేకుండా రుణం ఇస్తారు, 7.5 లక్షల వరకు రుణంలో 75 శాతానికి ప్రభుత్వమే బ్యాంకుకు పూచీ ఉంటుంది. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉండి మరే ప్రభుత్వ ఉపకారవేతనమూ పొందని కుటుంబాలకు, వాయిదాలు మొదలయ్యే దాకా, 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. పథకం మంచిదే. అయితే ఊళ్లలోని మామూలు ప్రైవేటు కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా దీని మీద ఆశ పెట్టుకోవడం పొరపాటు.

డబ్బుతో నేరుగా పనిలేని అవకాశాల విషయంలో మరింత చీకటి ఉంది. 2017లో మొదలైన స్వయం అనే జాతీయ వేదికలో ఐఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఆచార్యులు చెప్పే పాఠాలు ఉచితంగా వినవచ్చు. ఇంజినీరింగ్, విజ్ఞానశాస్త్ర పాఠాలకు ప్రసిద్ధమైన ఎన్‌పీటెల్ కూడా ఇందులో భాగమే. పరీక్ష రాయదలచినవారు మాత్రమే కొద్దిపాటి రుసుము కట్టి, పరీక్షాకేంద్రానికి వెళ్లి రాయాలి. ఎన్‌పీటెల్‌లో వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75 మార్కులు. 12 వారాల కోర్సు నెగ్గితే 3 క్రెడిట్లు. క్రెడిట్ అంటే ఒక కోర్సుకు పెట్టిన శ్రమకు విశ్వవిద్యాలయం కట్టే కొలమానం. ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులను ఇలా పూర్తిచేసుకునే వీలును యూజీసీ కల్పించింది. వచ్చిన క్రెడిట్లు 2021లో ప్రారంభమైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి ఖాతాలో జమవుతాయి. తన కళాశాలలో గణాంకశాస్త్రం బోధించే అధ్యాపకుడే లేని విద్యార్థికి ఇది చిన్న వరం కాదు. అయితే విశ్వవిద్యాలయ అకడమిక్ కౌన్సిల్ అంగీకరిస్తేనే ఆ క్రెడిట్లకు విలువ, కనుక చేరే ముందే విభాగాధిపతిని అడిగి తెలుసుకోవాలి.

పరిశోధన వైపు ఆసక్తి ఉన్నవారికి మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు, అంటే బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో ఉన్నవి, కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ ఉంది. ఎంపికైన విద్యార్థి ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు భృతితో పనిచేస్తాడు. ఆ ప్రయోగశాల హైదరాబాదులోని సీసీఎంబీ కావచ్చు, మరే నగరంలోదైనా కావచ్చు. దరఖాస్తులు వేసవికి చాలా నెలల ముందే ముగుస్తాయి. మార్కులతో పాటు, ఏ అంశం మీద పనిచేయాలనుకుంటున్నారో విద్యార్థి సొంతంగా రాసిన చిన్న వివరణ, తనను ఎరిగిన అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. ఆ లేఖ దగ్గరే చాలామంది ఆగిపోతారు. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని ఒక్క ప్రశ్న అడగని విద్యార్థి గురించి అధ్యాపకుడు ఏం రాయగలడు? పేరు, హాజరు, మార్కులు తప్ప మరేమీ లేని లేఖకు ఎంపిక సంఘం దగ్గర విలువ తక్కువ. యూజీసీ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధించి పీహెచ్‌డీలో చేరినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తున్న మాట అందరికీ తెలుసు. ఆ స్థాయికి చేర్చే మెట్టు డిగ్రీ రెండో ఏట ఈ వేసవిలోనే ఉందన్నది తెలిసినవారు కొద్దిమంది.

గ్రంథాలయం సంగతికొస్తే, 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ నిశ్శబ్దంగా జరిగిన పెద్ద మార్పు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ తెరిచారు. ఐఐటీ విద్యార్థికి మాత్రమే దొరికే వ్యాసం ఇప్పుడు శ్రీకాకుళంలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనో, నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో కూడా చదవడానికి వీలుంది. ప్రైవేటు కళాశాలలకు ఈ వసతి ఇంకా పూర్తిగా చేరకపోవడం లోపమే.

చదువు సాగడానికి కావలసినవన్నీ డబ్బు, పుస్తకాలే కావు. దృష్టిలోపం వంటి వైకల్యాలున్న విద్యార్థులకు పరీక్షలో రాసిపెట్టే సహాయకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం హక్కుగా లభిస్తాయి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. కుంగుబాటులో ఉన్నవారు 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఉద్యోగాల కోసం ప్లేస్‌మెంట్ అధికారిని పెట్టుకున్న కళాశాలలు, ఇన్ని పథకాల బాధ్యతను పరీక్షల విభాగంలోని ఒక గుమస్తాకు అదనపు పనిగా అప్పగించి ఊరుకుంటున్నాయి. ఆ గుమస్తా సెలవు పెట్టిన వారంలో గడువు ముగిసిపోతే నష్టం విద్యార్థిదే. ఈ ఏడాది డిగ్రీలో చేరిన పిల్లలున్న ఇళ్లలో పెద్దలు తరగతులు మొదలవకముందే ఒక పూట కేటాయించి, పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంది అన్న రెండు విషయాలు సరిచూసుకోవడం మంచిది.