ఒకే రూపు, వేరు గుణము

మచిలీపట్నము చెంత చిలకలపూడిలో చేయు రోల్డుగోల్డు దుద్దును బంగారు దుద్దు ప్రక్కన నుంచిన భేదము కంటికి తోచదు. చెవిలో నమర్చుకొను ఇయర్‌ఫోనులును అంతే. కావున మేము రంగును గాక తీగ చివరనున్న పిన్నును చూతుము. 3.5 మిల్లీమీటర్ల పిన్నుపై అడ్డుగీతలు రెండున్నచో అది వినుటకు మాత్రమే. మూడున్నచో సాధారణముగా మైకు కూడ కలదు. టైప్-సి పిన్ను గలవానిలో కొన్నింట ధ్వనిని మార్చు చిప్పు ఉండదు. అట్టివి కొన్ని ఫోనులలో పలుకవు. అందుచే మన ఫోనునకే తగిలించి, విని కొనవలెను.

రబ్బరు బుడిపె చెవికి బిగువుగా నమరుటయు ముఖ్యమే. వదులైనచో గుడివాడ బస్సు రొద లోనికి చొచ్చును. మనము ధ్వనిని హెచ్చింతుము. 80 డెసిబెల్సు ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దుద్దు పోయిన మరల కొనవచ్చును. వినికిడి పోయిన కొనలేము.