లావు తగ్గడానికి పస్తులు మందు కాదు

స్థూలకాయులను చూచి "తిండిపోతు" అని ఎగతాళి చేయడం మన ఇళ్లలో పాతుకుపోయిన దురలవాటు. వారికి కలిగే అమితమైన ఆకలి వారి చాపల్యం కాదనీ, ఆ వ్యాధి లక్షణాలలోనే ఒకటనీ చరకాచార్యులు ఏనాడో గుర్తించారు. సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలునికి కలిగే ఎనిమిది బాధలను చెబుతూ ఆయుఃక్షీణత, మాంద్యం, దౌర్బల్యం, అధిక స్వేదం మొదలైన వాటితోబాటు అతిక్షుధను, అతిదాహాన్ని కూడా చేర్చారు.

మేదస్సు సప్తధాతువులలో నాల్గవది. శరీరానికి స్నిగ్ధత్వాన్ని, దృఢత్వాన్ని, ఎముకలకు పుష్టిని ఇచ్చేది అదే. కనుక అది ఉండడం రోగం కాదు, హద్దు మీరి పెరగడం రోగం. అట్లు పెరిగిన మేదస్సు స్రోతస్సులను కప్పివేయగా వాయువు కోష్ఠంలోనే సంచరిస్తూ జఠరాగ్నిని రగులుస్తుందనీ, తిన్నది త్వరగా జీర్ణమై మళ్లీ ఆకలి పుడుతుందనీ, ఆ ఆహారం ఇతర ధాతువులకు చాలినంత చేరక మేదస్సునే పోషిస్తుందనీ చరకమతం. ఆధునికుల వివరణ వేరు. 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో లెప్టిన్ అనే హార్మోనును కనుగొన్నారు. కొవ్వు కణాలే దీనిని రక్తంలోకి వదలి, నిల్వలు ఎంత ఉన్నవో మెదడుకు తెలియజేస్తాయి. స్థూలకాయులలో ఇది సమృద్ధిగా ఉన్నా మెదడు దాని మాటను సరిగా చెవిని పెట్టదు. పస్తున్నప్పుడు మాత్రం ఇది వేగంగా పడిపోతుంది, ఆకలి విజృంభిస్తుంది.

పది దినములు నిమ్మరసంతో గడిపి మూడు నాలుగు కిలోలు తగ్గామని సంతోషించే యువతులు ఈ విషయం తెలుసుకోవాలి. మొదట పోయేది కొవ్వు కాదు. కాలేయంలో, కండరాలలో నిల్వ ఉన్న పిండిపదార్థం, దానిని అంటిపెట్టుకొని ఉన్న నీరు ముందు పోతాయి. పస్తు సాగిన కొద్దీ మాంసధాతువు కూడా కరుగుతుంది. మళ్లీ అన్నం ముట్టగానే బరువు తిరిగి వస్తుంది, కండ మాత్రం అంత సులభంగా రాదు.

ఇక మన ఒంటిపూటల సంగతి. సోమవారం, శనివారం రాత్రి అన్నం మానామంటారు, నిజమే. ఆ స్థానంలో నూనె ఓడే అట్లు నాలుగు, కొబ్బరిపచ్చడి వచ్చి చేరతాయి. ఫలహారమనే పేరున్నది గనుక దానిని ఎవరూ లెక్కలోనికి తీసుకోరు!

శాస్త్రం చెప్పిన చికిత్స చమత్కారమైనది. స్థూలునికి ఇచ్చే ఆహారం గురువుగా ఉండాలి, కాని సంతర్పణం చేయరాదు. అనగా కడుపు నిండాలి, ఒడలు నిండరాదు. యవలు, ఉలవలు, పెసలు, కొర్రలు, చామలు, వెన్న తీసిన మజ్జిగ ఈ కోవలోనివి. అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీని బీర, సొర, పొట్ల వంటి కూరలతో, పలుచని పెసరకట్టుతో, ఉలవచారుతో నింపండి. విందులలో మీగడ పోసి వడ్డించే ఉలవచారును ఈ పేరుతో త్రాగవద్దు. వేడినీటిలో తేనె కలిపి పరగడుపున త్రాగే అలవాటు ఇంటింటా వ్యాపించింది. తేనెకు ఉష్ణసంయోగం నిషిద్ధం. లేఖనార్థం చెప్పినది వేడి చేయని నీటిలో కలిపిన తేనె. అదీ ఇతర తీపి మానుకున్నవారికే గాని, అన్నీ తిని పైన త్రాగేవారికి కాదు.

నూనె విషయం కాస్త లెక్కతో చూద్దాం. నలుగురున్న ఇంట నెలకు నాలుగు లీటర్లు వాడితే తలకు రోజుకు సుమారు 30 గ్రాములు. గ్రాముకు 9 కెలోరీల చొప్పున 270. అందులో సగం తగ్గిస్తే నెలకు 4,000 కెలోరీలు మిగులుతాయి. ఒంటిలోని ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కెలోరీలు నిల్వ ఉంటాయి గనుక, నెలకు అరకిలో తగ్గాలి. కాగితం మీది లెక్క ఒంటి మీద అంత ఖచ్చితంగా నడవదు. బరువు తగ్గిన కొద్దీ శరీరం తన ఖర్చునూ తగ్గించుకుంటుంది. అయినను, పచ్చడి మీద తేలే నూనె అన్నంలో కలుపుకోవడం మానిన ఇల్లాలికి ఆరు నెలలలో చీర కట్టులోనే తేడా తెలుస్తుంది.

కాళ్లు చేతులు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే పెరిగినవారు తాము లావు కామనుకుంటారు. మేదోవహ స్రోతస్సులకు మూలం వృక్కములు, వపావహనం అని చరకుడు చెప్పాడు. వప అంటే ఉదరంలోని కొవ్వుపొర. అక్కడి రక్తం నేరుగా కాలేయానికి చేరుతుంది. మధుమేహం, హృద్రోగం ఈ దారినే వస్తాయని ఆధునికుల హెచ్చరిక. చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ టేపు చుట్టి, ఊపిరి వదలిన పిమ్మట కొలవండి. మన దేశీయులలో పురుషునికి 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడవలసినదే.

అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 నుండి 150 కెలోరీలు. 15 మిల్లీలీటర్ల నూనెతో అది భర్తీ అవుతుంది. కాబట్టి నడక ఒక్కదానితో బరువు తగ్గుతుందని ఆశించవద్దు. ఆహారం తగ్గించినప్పుడు కండ కరిగిపోకుండా కాపాడేది, తగ్గిన బరువును నిలిపేది వ్యాయామమే. వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా నడవండి. బలంలో సగం వరకే చేయమని శాస్త్రం. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టి నోరు ఎండనారంభిస్తే అది సగం బలమని గుర్తు. స్థూలునికి జాగరణ కూడా విధించారు గాని, దానిని పగటినిద్ర మానడంగానే నేను గ్రహిస్తాను. రాత్రినిద్ర తగ్గితే ఆకలి మరింత పెరుగుతుంది.

మధుమేహానికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు భోజనం తప్పించరాదు. బరువు తగ్గుతున్నప్పుడు వారి మందు మోతాదు మార్చవలసి రావచ్చు, వైద్యునికి చూపించాలి. తిండి పెరగకుండానే లావెక్కి, ముఖం ఉబ్బి, నీరసం ఉన్నవారు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. గుగ్గులు కలిసిన మందులను గర్భిణులు వాడరాదు. తక్కినవారు కూడా వైద్యుని అడగక అంగడిలో కొని మింగరాదు.